సుగుణ రాసిన రెండో భాగం

పదిహేడేళ్లుగా ఒక మాటను మోస్తున్నాను. బట్టల మూట నెత్తికెత్తుకున్న కొత్తలో మెడ నొప్పి పుడుతుంది. తర్వాత మెడే ఆ మూటకు తగ్గట్టు వంగిపోతుంది, నొప్పి తెలియదు. నేనూ అలాగే వంగిపోయాను. ఎవరూ గమనించలేదు. గమనించాల్సిన మనిషి కూడా గమనించలేదు, ఎందుకంటే ఆమె నన్ను నమ్మింది.

మీరెవరో నాకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నానేమో. తెలిసినవాళ్లకు చెప్పాలంటే ముందు వాళ్ల ముఖం చూడాలి.

మాది నగరి. ఇంటి ముందు షెడ్డులో ఆరు మరమగ్గాలు ఉండేవి. తువ్వాళ్లు, లుంగీలు నేసేవాళ్లం. వారానికోసారి సరుకు మూటలు కట్టి రైల్లో మద్రాసుకు తీసుకుపోవడం మా నాయన తర్వాత నా పని అయింది. నేను పదోతరగతితో చదువు ఆపేశాను. నా భార్య సుగుణ ఐరాల దగ్గర సేద్యం చేసుకునే ఇంటి పిల్ల. ఇంటర్ పాసై వచ్చింది. వారపత్రిక వస్తే అట్ట నుంచి అట్ట దాకా చదివేది, తర్వాత దాన్ని మడిచి పరుపు కింద పెట్టుకునేది. మా ఇంట్లో అదొక వింత.

పెళ్లయిన కొత్తలో కొండకు వెళ్లి దర్శనం చేసుకుని దిగాం. నగరి బస్సుకు ఇంకా చాలా సమయం ఉంది. తిరుపతి బస్టాండుకు దగ్గర్లో ఒక హాల్లో మ్యాట్నీ ఆడుతోంది. ఎండ మాడ్చేస్తోందని లోపలికి వెళ్లాం, అంతే. నా గుండుకు రాసిన గంధం ఇంకా ఆరలేదు. అలా చూసిన సినిమా మా ఇద్దరి జీవితంలో ఇంత దూరం వస్తుందని ఎవరనుకుంటారు?

ప్రేమకథ. కాలువ కోసం కొలతలు తీయడానికి సర్వేయరు ఒకడు ఒక పల్లెకు వస్తాడు. ఏటి ఒడ్డున పాటలు పాడుకునే పిల్లను ఇష్టపడతాడు. తండ్రి ఆమెకు వేరే సంబంధం ఖాయం చేస్తాడు. చివర్లో ఇద్దరూ ఒక పడవలో ఏరు దాటుతారు. ఒడ్డు రాగానే ఆమె దిగిపోతుంది. అతను దిగడు. పడవ తిరిగి వెళ్లిపోతుంది. అంతే, సినిమా అయిపోయింది. జనం సణుక్కుంటూ లేచారు. సుగుణ లేవలేదు. తెర తెల్లగా అయ్యాక కూడా అటే చూస్తూ కూర్చుంది. నేను చెయ్యి పట్టుకుని లేపాను.

బస్సు పుత్తూరు దాటుతుండగా అడిగింది, ఆ పిల్ల ఇంటికి పోయి ఏం చేసి ఉంటుందని. పెండ్లి చేసుకుని ఉంటుందన్నాను. తర్వాత అని అడిగింది. తర్వాత ఏముంటుందన్నాను. కిటికీకి తల ఆనించి నిద్రపోయాను.

ఆ మరుసటి ఏడు సుగుణ పురిటికి ఐరాల వెళ్లింది. ఐదు నెలలు అక్కడే ఉంది. నేను రెండుసార్లు వెళ్లి చూసి వచ్చాను. పాపను ఎత్తుకుని తిరిగి వచ్చినప్పుడు ఆమె సంచిలో ఒక పొడవాటి నోటు పుస్తకం కూడా ఉంది. దేవుడి పాటలేమో రాసుకుందనుకున్నాను. అడగలేదు. ఆ అడగకపోవడం గురించి తర్వాత చాలాసార్లు ఆలోచించాను. చేతికందేంత దూరంలో ఉన్న దాన్ని కూడా ఏమిటని అడగని మనిషిని నేను.

పాపకు ఆరో నెల వచ్చినప్పుడు, నేను సరుకు మూట కడుతుంటే వచ్చి నిలబడింది.

"రేపు మద్రాసు పోతా ఉండావు గదా."

"పోవాల్సిందే."

"ఆ పడవ సినిమా తీసిన ఆయప్ప ఆఫీసు కోడంబాకంలో ఉండాదంట. పత్రికలో వేసినారు. దీన్ని ఆయప్ప చేతికిచ్చి రా."

పుస్తకం నా ముందుకు చాపింది. అట్ట మీద గుండ్రటి అక్షరాలతో 'రెండో భాగం' అని ఉంది.

"ఏంది ఇది?"

"ఆ పిల్ల కథ. పడవ దిగినాక ఏమైందో రాసినాను. ఆయప్ప మళ్లీ తీస్తే తీయనీ, లేకుంటే లేదు. ఒకసారి సదివితే సాలు."

ఆమె సిగ్గుపడలేదు, నవ్వలేదు. పాపకు పాలు పట్టాలని లోపలికి వెళ్లిపోయింది. ఇంత పెద్ద పనిని ఆమె నాకు అంత మామూలుగా అప్పజెప్పింది. నేను కాకపోతే ఇంకెవరున్నారు ఆమెకు?

మర్నాడు రైల్లో దాన్ని తెరిచాను. చదవమని చెప్పలేదు, వద్దనీ చెప్పలేదు. తిరుత్తణి దాటేసరికి పుస్తకంలో మునిగిపోయాను.

ఆమె కథలో ఆ పిల్ల ఒక బట్టల వ్యాపారిని పెళ్లి చేసుకుంటుంది. మంచివాడు. కొట్టడు, తిట్టడు. శుక్రవారం పూలు తెస్తాడు. ఇంటికి రాగానే చెప్పులు విడిచి గడపకు రెండుసార్లు దులుపుతాడు. కాఫీని సాసర్‌లో పోసుకుని తాగుతాడు. రోజూ తన సంగతులన్నీ ఆమెకు చెబుతాడు. సరుకు ఎవరు వెనక్కి పంపారు, రైల్లో ఎవరు తగాదా పడ్డారు, అన్నీ. ఆమె వింటుంది. ఏడేళ్లలో అతను ఆమెను ఏమీ అడగలేదు. ఒకరోజు ఆ సర్వేయరు రోడ్డు కొలతల కోసం ఆ ఊరికే వస్తాడు. బజారులో ఎదురుపడి ఒక్క మాట అడుగుతాడు: "ఇంకా పాడుతున్నావా?" ఆమె జవాబు చెప్పదు. అతనితో వెళ్లిపోదు కూడా. ఇంటికి వచ్చి భర్త ముందు కూర్చుని, "నన్ను ఒక మాట అడుగు" అంటుంది. అతను చాలాసేపు ఆలోచిస్తాడు. చివరికి, "అన్నం తిన్నావా?" అని అడుగుతాడు. ఆమె నవ్వుతుంది. అక్కడితో కథ అయిపోతుంది.

చెప్పులు దులిపేది నేను. సాసర్‌లో కాఫీ తాగేది నేను. అన్నం తిన్నావా అని అడిగేది నేను. నా ఎదురుగా కూర్చున్న ముసలాయన ఏమైంది నాయనా, ఒంట్లో బాగలేదా అని అడిగాడు. ఏమీ లేదన్నాను. ముఖం మండిపోతోంది. ఎవరో బజారులో నా చొక్కా లాగేసినట్టుగా ఉంది.

ఏది ఎక్కువ బాధించింది? ఆమె మనసులో ఇంకెవరో ఉన్నారన్న అనుమానమా? కాదు, అలాంటిదేమీ లేదని నాకు అప్పుడే తెలుసు. ఆ సర్వేయరు పుస్తకంలో నీడలాగా ఉన్నాడు, రెండు పేజీల్లో వచ్చి పోయాడు. మనిషిలాగా ఉన్నది భర్తే. నన్ను ఇంత దగ్గరగా చూస్తూ ఒక మనిషి నా ఇంట్లో ఉందని, చూసినదంతా మాటల్లో పెట్టగలదని అంతవరకు నాకు తెలియదు. భయం వేసింది. ఇది సినిమా అయితే నగరిలో ప్రతివాడూ చూస్తాడు, ప్రతివాడూ నన్ను చూసి నవ్వుతాడు అనుకున్నాను. ఇప్పుడు తలచుకుంటే ఆ ఆలోచనలో ఎంత గర్వం ఉందో. ఒక పల్లె పిల్ల రాసింది తీసుకుని వాళ్లు నిజంగా సినిమా తీస్తారని ఆమె కంటే నేనే ఎక్కువ నమ్మాను. అంత బాగుంది అది.

సరుకు అప్పగించాక కోడంబాకం వెళ్లాను. ఇది అబద్ధం కాదు. ఆ వీధి, ఆ ఇల్లు కనుక్కున్నాను. గేటు దగ్గరున్న మనిషి అరవంలో ఎవరు కావాలని అడిగాడు. పుస్తకం నా చంకలో ఉంది. లోపల వరండాలో తెల్లచొక్కా వేసుకున్న ఒకాయన కుర్చీలో కూర్చుని పేపరు చదువుతున్నాడు. ఆయనే దర్శకుడని పత్రికలోని ఫొటో గుర్తుండి పోల్చుకున్నాను. ఇరవై అడుగుల దూరం. పిలిస్తే తలెత్తేవాడు. ఎవరూ వద్దని చెప్పి వెనక్కి తిరిగాను.

తిరుగు రైల్లో అరక్కోణం దాటాక తలుపు దగ్గర నిలబడి పుస్తకాన్ని చింపాను. మొదట రెండు ముక్కలు, తర్వాత నాలుగు, తర్వాత ఇంకా చిన్నవి. గుప్పెడు గుప్పెడు వదిలాను. కోపంలో చేశానని చెప్పుకుంటే కొంచెం తేలిగ్గా ఉంటుంది. కానీ కోపంలో ఉన్న మనిషి అంత ఓపిగ్గా చింపడు. ఏ పేజీ మీదా ఒక పూర్తి వాక్యం మిగలకుండా చూశాను.

దీపాలు పెట్టే వేళకు ఇంటికి చేరాను. షెడ్డులో మగ్గాలు ఆడుతున్నాయి. సుగుణ పాపను చంకనేసుకుని గడప దగ్గరే ఉంది.

"ఇచ్చినావా?"

ఇవ్వలేదని చెప్పడానికి సిద్ధపడే వచ్చాను. మద్రాసులో పని ఎక్కువై కుదరలేదు, పుస్తకం రైల్లో పోయింది, ఇలా రెండు మూడు అనుకున్నాను. ఆమె ముఖం చూశాక అవేవీ నోటికి రాలేదు.

"ఇచ్చినాను."

"ఎవురికి?"

"ఆయప్పకే. వరండాలో కూర్చోనుండాడు. తెల్లసొక్కా వేసుకోనుండాడు."

"ఏమన్నాడు?"

"రెండు పేజీలు తిరగేసినాడు. సదివి సెప్తానన్నాడు."

పాపను నా చేతికిచ్చి లోపలికి వెళ్లింది. కాసేపటికి కాఫీ తెచ్చింది. ఆ రోజు కాఫీని గ్లాసుతోనే తాగాను. అది ఆమె గమనించిందో లేదో నాకు తెలియదు. గమనించి ఉంటే నేను పుస్తకం చదివానని అప్పుడే అర్థమై ఉంటుంది. అడగలేదు. ఆ ఇంట్లో అడగకపోవడం నా నుంచి ఆమెకు కూడా అంటుకుందేమో.

అంతటితో ఆగి ఉంటే బాగుండేది. ఆమె ఉత్తరం కోసం ఎదురు చూడడం మొదలుపెట్టింది. పోస్టుమాను సైకిలు వీధి మొదట్లో కనబడగానే చేతిలో పని వదిలేసి బయటికొచ్చేది. నాలుగు నెలలు చూశాను. ఆ ఎదురుచూపు నేను భరించలేకపోయాను. అందుకని రెండో అబద్ధం ఆడాను. మద్రాసు నుంచి వచ్చి, మళ్లీ ఆ ఆఫీసుకు వెళ్లానని, అక్కడ ఎవరో సహాయకుడు నవ్వి, ఇంట్లో ఆడవాళ్లు రాసుకునే రాతలు సినిమాకు పనికిరావని చెప్పి పంపాడని అన్నాను.

ఆ మాట ఎవరూ అనలేదు. నేను కల్పించాను. ఒక మనిషి రాసిన దాన్ని చింపేయడం ఒక తప్పు. ఆ రాత పనికిరాదని ఆమెనే నమ్మించడం ఇంకో తప్పు. ఏది పెద్దదని మీరు అడిగితే, రెండోదే అంటాను.

"పనికిరాదన్నారా," అంది. అంతే. ఆ తర్వాత పదేళ్లు ఆమె కలం పట్టడం నేను చూడలేదు. వారపత్రిక తెప్పించడం కూడా మానేసింది. మగ్గాల లెక్క చూసుకుంది, నూలు కండెలు చుట్టింది, పాపను చదివించింది. బాగానే ఉన్నాం. ఎవరైనా అడిగితే మాది చక్కటి కాపురమనే చెబుతారు. నేనూ అలాగే చెప్పేవాడిని.

అప్పుడు ఆ సినిమా రెండో భాగం వచ్చింది.

అదే దర్శకుడు. తిరుపతిలో గోడల నిండా పోస్టర్లు, పడవ బొమ్మతో. పాపను తీసుకుని పోదామని సుగుణే అంది. వద్దనడానికి కారణం దొరకలేదు. హాల్లో ఆ పక్క పాప, ఈ పక్క నేను, మధ్యలో సుగుణ. కథ వేరు. ఆ పిల్ల పట్నంలో ఉంటుంది, భర్త డాక్టరు, కారు ప్రమాదాలు, పాటలు. నాకు ఊపిరి తిరిగింది. ఇంటర్వెల్ అయిన కాసేపటికి సర్వేయరు ఆమెకు ఆసుపత్రి మెట్ల మీద ఎదురుపడ్డాడు. ఆగాడు. అడిగాడు.

"ఇంకా పాడుతున్నావా?"

సుగుణ నా మణికట్టు పట్టుకుంది. గోళ్లు దిగాయి. తెర మీది వెలుగులో ఆమె ముఖం చూశాను. ఏడుస్తోంది. కోపం లేదు ఆ ముఖంలో. నా చెవి దగ్గరకు వంగి రెండే మాటలు అంది.

"పనికొచ్చిందే, సూడు."

మొదటి సినిమాలో పాటలు పాడిన పిల్లను పదేళ్ల తర్వాత కలిస్తే ఎవరైనా అదే అడుగుతారు. ఎవరు రాసినా ఆ మాట వచ్చి తీరుతుంది. ఆ సంగతి నాకు తెలుసు. ఆమెకు మాత్రం అది తన పుస్తకంలో నుంచి లేచి వచ్చిన మాట. బస్సులో ఇంటికి వచ్చేదాకా ఆమె ముఖంలో ఒక వెలుగు ఉంది. పేరు వేయకపోతే పోనీ, నా మాట ఒకటి ఆ హాల్లో అంతమంది విన్నారు అంది. పెళ్లయిన తర్వాత ఆమెను అంత సంతోషంగా ఎప్పుడు చూశాను? పాప పుట్టినప్పుడు కూడా అంత కాదు. ఆ సంతోషాన్ని ఎలా తీసేయను? అలా అనుకుని ఊరుకున్నాను. అది దయ అనుకున్నాను. దయకు, పిరికితనానికి మధ్య తేడా తెలుసుకోవాలంటే దానివల్ల లాభం ఎవరికని చూడాలి. లాభం నాకే.

నెల తిరక్కముందే ఆమె దర్శకుడికి ఉత్తరం రాసి తనే పోస్టు చేసింది. నాకు తర్వాత చెప్పింది. అందులో ఏమీ కోరలేదంట. నా పుస్తకం చదివినందుకు సంతోషం, నన్ను గుర్తుపెట్టుకోండి అని మాత్రం రాసిందంట.

ఈసారి జవాబు వచ్చింది. దర్శకుడే స్వయంగా రాశాడు. మర్యాదగా ఉంది. మీరు చెప్పిన పుస్తకం నాకు ఎప్పుడూ అందలేదు, అంది ఉంటే తప్పకుండా చదివేవాడిని, మీరు రాయడం మానకండి అని. సుగుణ ఆ కాగితం పట్టుకుని షెడ్డులోకి వచ్చి మగ్గాల స్విచ్చి ఆపేసింది. ఒక్కసారిగా అంతా నిశ్శబ్దం.

"అందలేదంట. నువ్వు చేతికే ఇచ్చినావు గదా?"

ఆమె చూపులో అనుమానం ఉందేమోనని వెతికాను. లేదు. ఆమె నన్ను సాక్షిగా పిలిచింది, అంతే. అనుమానించి ఉంటే బహుశా చెప్పేసేవాడిని.

"ఇచ్చినాను."

"ఆయప్పకే?"

"ఆయప్పకే."

"అయితే దొంగ," అంది నెమ్మదిగా. "ఇంత మంచిగా రాసి ఎట్ల అబద్ధం ఆడతాడో సూడు."

ఉత్తరాన్ని పొయ్యిలో వేసింది. హాల్లో నేను చూసిన ఆ వెలుగు ఆ రోజుతో పోయింది. నేనే ఆ కాగితం లాక్కుని చెప్పాల్సింది: ఆయన నిజం రాశాడు, నువ్వు రాయడం మానకు. మళ్లీ స్విచ్చి వేశాను.

ఇన్నేళ్లు దాచినవాడిని ఇప్పుడెందుకు చెబుతున్నానంటే, మా పాప వల్ల. పాప తిరుపతిలో డిగ్రీ చదువుతోంది. మొన్న సెలవులకు వచ్చినప్పుడు తను రాసిన కథ ఒకటి తల్లికి చదివి వినిపించింది. మేడమ్ దీన్ని పత్రికకు పంపమందమ్మా అంది. నేను పక్కనే కూర్చుని ఉన్నాను. సుగుణ కథ అంతా విని, బాగుంది అని చెప్పి, తర్వాత ఇలా అంది:

"ఎవురికీ పంపొద్దు పాపా. నమ్మి ఇస్తే ఏమైతుందో నాకు తెలుసు. కావాలంటే మీ నాయన్ను అడుగు."

పాప నా వైపు తిరిగింది. నిజంగానా నాయనా అన్నట్టు చూసింది. నేను తల ఊపాను. పాప కాగితాలను మడిచి బ్యాగులో అడుగున పెట్టుకుంది. ఇంకోసారి వాటి మాట ఎత్తలేదు.

తల ఊపడానికి ఎంతసేపు పడుతుంది? ఆ కాసేపట్లో నేను నా కూతురి పుస్తకాన్ని కూడా చింపాను.

ఆ తర్వాత నాలుగు రోజులు కూర్చుని సుగుణ కథను గుర్తు తెచ్చుకుని రాయాలని చూశాను. తిరిగి ఆమె చేతిలో పెడితే కొంతైనా తీరుతుందేమోనని. రాలేదు. చెప్పులు, సాసరు, శుక్రవారం పూలు, అన్నం తిన్నావా, ఇవి మాత్రమే వచ్చాయి. ఆ పిల్ల ఇల్లు ఎలా ఉండేది, కిటికీలోంచి ఏం చూసేది, ఏం పాడేది, ఇవన్నీ పేజీలకు పేజీలు రాసిందని తెలుసు. ఒక్క వాక్యం కూడా నాకు గుర్తు లేదు. ఆ రోజు రైల్లో నేను ఆమె పుస్తకం చదవలేదు. అందులో నన్ను వెతుక్కున్నాను.

ఇంకొకటి. చివర్లో ఆమె నవ్వుతుందని చెప్పాను కదా. అది ఎగతాళి అని అప్పుడు అనుకున్నాను. ఇన్నేళ్లు అలాగే అనుకున్నాను. ఈమధ్య సుగుణ నవ్వినప్పుడు చూస్తుంటాను. అన్నం తిన్నావా అని అడిగితే ఇప్పటికీ నవ్వుతుంది. ఆ నవ్వులో ఎగతాళి లేదు. మరి కథలో ఉన్నది ఏ నవ్వు? ఇష్టంతోనే రాసిందా? చూసుకుందామంటే పేజీ లేదు.

క్షమించమని అడగడం లేదు. మీరు క్షమించడానికి ఇది మీకు చేసింది కాదు. ఆమెకు ఎలా చెబుతానో ఇంకా తెలియదు. చెప్పాక ఆమె ఏమంటుందో, నన్ను ఎలా చూస్తుందో, చూస్తుందో లేదో తెలియదు. అయినా ఇంతవరకు రాశాక చెయ్యి కొంచెం తేలికపడింది. ఇన్నేళ్లలో మొదటిసారి ఆ దర్శకుడిని దొంగ కాదని ఒక చోట రాయగలిగాను. మొదటిసారి ఆ మాటను నా నోటితో, తలుపు వేసుకుని, నాకు వినబడేలా అని చూసుకున్నాను. మా ఇంటి మాటల్లోనే వచ్చింది.

ఇయ్యలేదు సుగుణా. నేను ఇయ్యలేదు.